చేట ఆగని ఫోటో

నా కెమెరాకున్న ఈ లెన్స్‌తో షట్టర్ ఎంత నెమ్మదిగా ఉన్నా ఫోటో చెదరదన్నది దుకాణదారు మాట. అది సరిచేసేది నా చేతి వణుకునే తప్ప ఎదుటివారి కదలికను కాదన్నది నిర్ధారితం.

డిజిటల్ కెమెరాలు కొత్తగా వచ్చిన రోజులవి. చర్ల దగ్గరి ఒక పల్లెలో, ఒక ఇంటి వసారాలో ముత్తమ్మ అనే యువతి, "మా అవ్వది ఒక్క ఫోటో గూడ లేదు, తియ్యి సారూ" అన్నది. అవ్వంటే ఆమె తల్లే; పక్కనే చేటతో విత్తనాలు చెరుగుతోంది. వెలుతురు చాలక షట్టర్‌ను సెకనులో ఎనిమిదో వంతుకు పెట్టి, చేట కాసేపు ఆపమని ఆ తల్లికి చెప్పాను.

"ఇత్తనాలు చెరిగేటప్పుడు నడుమ ఆపొద్దు. గంత పెద్ద డబ్బా ఉండి నా చేతులు పట్టలేదా ఏంది?" అన్నది తల్లి, చేట ఆపకుండానే.

ఫోటోలో ముఖం స్పష్టంగా వచ్చింది. చేతులూ చేటా పొగలా చెదిరాయి. చెరిపేయబోయాను.

"ఉండనియ్యి సారూ," అన్నది ముత్తమ్మ. "చేతులు ఆగితే గామె మా అవ్వెట్లయితది?"

చేతులు ఆపని ఆ తల్లి తలను మాత్రం అంత నిశ్చలంగా ఎందుకు ఉంచింది? అలవాటా, కూతురి కోసమా? అడగలేదు. కూతురు వింటుండగా ఆమె చెప్పే జవాబు కూతురిని సంతోషపెట్టడానికే కావచ్చు; అది రుజువు కాదు.