మోటరు గది వెనక

పాస్‌వర్డ్ అనే మాట వింటేనే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆత్మకూర్ దగ్గర మా ఊళ్లో నేనూ మా ఆయనా చేన్లకు మందు కొట్టే డ్రోన్ కిరాయికి నడిపేవాళ్లం. దాని కెమెరా బొమ్మ వైఫై మీద వస్తుంది. పాస్‌వర్డ్ ఉంటే మా రిమోట్‌కే కనబడుతుంది, లేకుంటే దగ్గర్లో ఎవరి ఫోన్‌లోనైనా సరే. మందు కొట్టించుకునే రైతు ఊరుకుంటాడా? తన చేను పైనుంచి ఎట్లుందో తన ఫోన్‌లో చూడాలి. ఆయన బావమరిదీ చూడాలి. గట్టు మీద నిలబడ్డ ప్రతివాడికీ చెప్పలేక మా ఆయన పాస్‌వర్డే తీసేశాడు. "అందరు మనోల్లే గదనే, మనోల్లకు తాళమెందుకు?" అన్నాడు. మా చుట్టుపక్కల డ్రోన్లన్నీ అట్లాగే తిరిగేవి.

ఆ రోజు మా ఆయన రోడ్డు పక్క పత్తిచేనుకు మందు కొడుతున్నాడు. ఆ పక్క మడిలో మా యారాలు, అంటే నేను అక్కా అని పిలిచే మా బావగారి భార్య, కూలీలతో నాట్లు వేస్తోంది. నేను చాయ్ తేవడానికి రోడ్డవతలి హోటల్‌కు పోయాను. అక్కడ నలుగురు ఒకే ఫోన్ మీదకు వంగి నవ్వుతున్నారు. క్రికెట్ అనుకున్నాను. తొంగి చూస్తే మా డ్రోన్ బొమ్మ, అందులో మడి గట్టు మీది మోటరు గది వెనక చీర మార్చుకుంటున్న మా అక్క. నాటు అయిపోయాక ఆడవాళ్లం బురద చీరలు మార్చుకునే చాటు అది. నాలుగు దిక్కులూ చూసుకునే మార్చుకుంటాం. ఆకాశం వైపు ఎవరు చూస్తారు?

ఫోన్ గుంజుకుని నేలకేసి కొట్టాను. వాళ్లలో ఒకడు అక్క చేతి అన్నం తిన్నవాడే.

"గాలిల వస్తాంది వదినా. మేమేమన్న దొంగతనం జేసినమా? జర పద్ధతిగ మాట్లాడు" అన్నాడు.

పద్ధతట. థూ, వాడి మొహం మీద ఉమ్మినా పాపం లేదు.

సాయంత్రానికల్లా పాస్‌వర్డ్ పెట్టించాను. రైతులు గొణిగారు, కొందరు వేరే డ్రోన్ మాట్లాడుకున్నారు. పీడాపోయింది అనుకున్నాను. ఇంకెవరి నోటనో వినేకంటే నయమని అక్కకు నేనే చెప్పాను. ఏడవలేదు. మర్నాడు నాటు కాగానే ఆ బురద చీరతోనే హోటల్ ముందు నుంచి ఇంటికి నడిచింది. వెంటబడి పోయాను.

"అక్కా, ఇప్పుడు తాళమేసినం. మాకు తప్ప ఎవ్వరికి కనవడదు" అన్నాను.

ఆగి నా మొహంలోకి చూసింది.

"మందు గొట్టేది పత్తికి గదనే. మోటరు గది మీద దానికేం పని?"

రిమోట్ ఉన్నది మా ఆయన చేతిలో. ఇంటికి పోయి అదే మాట అడిగాను. గబగబా రిమోట్ సంచిలో పెట్టి జిప్పు వేశాడు.