కదలకండి, అత్తయ్యగారూ

మా హాల్లో మామయ్యగారి పటం ఒకటి ఉండేది. నల్ల కోటు, ఎర్ర టై. ఆయన చల్లపల్లి దగ్గర వ్యవసాయం చేసుకుని బతికిన మనిషి. బతికినన్నాళ్ళూ పంచె, లాల్చీ తప్ప మరొకటి ఒంటికి తగిలించుకోలేదు. ఉన్నట్టుండి పోయేసరికి విడిగా దిగిన ఫొటో ఒక్కటీ దొరకలేదట. ఎవరిదో పెళ్ళిలో గుంపుతో దిగిన ఫొటోలోంచి ఆయన్ని విడదీసి పెద్దది చేయించారు. భుజం మీద పక్కాయన చెయ్యి ఉంది. ఆ చెయ్యి కనపడకుండా స్టూడియోవాళ్ళు కోటు తొడిగారు. కోటు తొడిగాక టై లేకపోతే బాగుండదని అదీ కట్టారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పటం చూసి "ప్లీడరుగారా అండీ?" అని అడిగేవాళ్ళు. అప్పుడు అత్తయ్యగారి మొహం చూడాలి.

తొంభైలలో ఇంటింటికీ ఫొటో ఉన్న ఓటరు కార్డులు వచ్చాయి. అందులో ఎవరి మొహం వాళ్ళకే తెలియలేదు గాని, అత్తయ్యగారిది మరీ అన్యాయం. ఒక కన్ను మూసి ఉంది, రెండో కన్ను ఎవరినో తిడుతోంది. ఆమె ఆ కార్డు పట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు.

"రేపు నేను పోతే దీన్నే పెద్దది చేయించి ఆయన పక్కన తగిలిస్తారు. మీ సంగతి నాకు తెలీదూ?" అన్నారు.

మావారు "అవేం మాటలమ్మా" అని కోప్పడ్డారు. కోప్పడ్డాక గదిలోకి వెళ్ళి బీరువాలో ఆమె ఫొటో ఇంకేదైనా ఉందేమోనని వెతికారు. లేదు. ఆమెకు కెమెరా అంటే పడదు. ఫొటో తీసే వేళకు ఏ పెళ్ళిలోనైనా వంటల దగ్గరే ఉండేవారు.

ఆ దిగులు ఆమెను వదల్లేదు. చావంటే భయం లేదు గాని, చచ్చాక గోడ మీద వేరే ఎవరిలాగానో ఉండాల్సి వస్తుందని మాత్రం ఆమెకు నిజంగానే భయం.

అప్పటికి నేను బొమ్మలు వేయటం మొదలుపెట్టి కొంతకాలమైంది. పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయాక మధ్యాహ్నాలు మిగిలాయి. మా ఇల్లు బెంజ్ సర్కిల్ వెనక సందుల్లో. పక్క వీధిలో ఒక డ్రాయింగు టీచరుగారు ఉండేవారు. మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన క్రైస్తవావిడ. ఆదివారం చర్చికి, మిగతా రోజులు రంగులకి అన్నట్టు ఉండేది ఆవిడ జీవితం. వరండాలో నలుగురం ఆడవాళ్ళం కూర్చుని ఆయిల్ పెయింటింగు నేర్చుకునేవాళ్ళం. నలభై ఏళ్ళొచ్చాక చేతిలో బ్రష్షు పట్టుకుంటే మనిషికి ఎక్కడలేని పొగరూ వస్తుంది. నాకు కొంచెం ముందే వచ్చింది.

నా మొదటి బొమ్మ వంకాయ. మూడు రంగులు కలిపి, నీడ పెట్టి, తొడిమ మీద ముల్లు కూడా వేసి తెచ్చాను. అత్తయ్యగారు కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"ఏంటమ్మాయ్ ఇది, మామిడి టెంకా?"

"వంకాయండీ."

"కూరకి పనికిరాదులే" అని వెళ్ళిపోయారు.

మర్నాడు నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, గోడకి అవతల పక్కింటావిడ గొంతు వినపడింది. మీ కోడలు ఈ వయసులో బొమ్మలు నేర్చుకుంటోందటగా అని నవ్వుతోంది. అత్తయ్యగారు ఆవిడకి ఏదో పచ్చడి ఇవ్వటానికి వెళ్ళినట్టున్నారు. "నేర్చుకోవటమేంటండీ, వచ్చేసింది కూడాను. నిన్న వంకాయ వేసిందీ, కోసుకుని వండుకోవచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా బ్రష్షు పట్టుకోవటం వచ్చా?" అన్నారు. నేను తడి చీర మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను. ఆమె ఇంటికి వచ్చి మళ్ళీ మామిడి టెంక సంగతే ఎత్తారు.

అలాంటావిడ ఒకనాడు వెంకటగిరి చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చి ఇంట్లో నా బొమ్మల స్టాండు ముందు కుర్చీ వేసుకున్నారు.

"నన్ను వెయ్యి. వంకాయలా కాకుండా చూసుకో" అన్నారు.

కోడళ్ళయిన వాళ్ళందరికీ చెబుతున్నాను, బొమ్మ వేయటంలో ఉన్న సుఖం రంగుల్లో లేదు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి నన్ను లే అన్నప్పుడు లేచి, కూర్చో అన్నప్పుడు కూర్చున్న ఇంట్లో, ఆ మధ్యాహ్నం నుంచి నేను ఆడింది ఆటా పాడింది పాటా.

"గడ్డం కొంచెం దించండి. అంత వద్దు. కదలకండి, అత్తయ్యగారూ."

"మెడ పట్టేసిందే."

"మాట్లాడితే నోరు చెడిపోతుందండీ."

ఆమె నోరు మూసుకున్నారు. మా ఇంట్లో అంత నిశ్శబ్దం నేను ఎరగను. పాలవాడు వచ్చి బేరమాడేవాళ్ళు లేక తికమకపడి వెళ్ళిపోయాడు. మొహం అయిపోయాక కూడా నేను ఆమెను వదల్లేదు. వెనక గోడకి రంగు వేస్తూ ఆమెను ఇంకా కొన్ని మధ్యాహ్నాలు కూర్చోబెట్టాను. గోడ వేయటానికి మనిషి కూర్చోనక్కర్లేదని ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు.

అయితే ఆ కొంటెతనంలో నాకు తెలియకుండానే ఒకటి జరిగింది. ఆమె ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ ఉందని నాకు అప్పుడే తెలిసింది. అన్నేళ్ళు ఒక కప్పు కింద ఉన్నాం. పొద్దున లేవగానే ఆమె మొహం చూసి ఇవాళ కోపంగా ఉన్నారా లేదా అని తేల్చుకునేదాన్ని, అంతే. వాన వస్తుందేమోనని ఆకాశం వంక చూస్తామే, అలాగ. మొహాన్ని మొహంగా చూడనే లేదు. ఆ మచ్చ ఎలా అయిందని అడిగితే, చిన్నప్పుడు గడ్డివాము మీంచి దూకానని చెప్పారు. అత్తయ్యగారు ఎక్కడినుంచైనా దూకి ఉంటారన్న ఆలోచనే నాకెప్పుడూ రాలేదు.

బొమ్మ పూర్తయింది. కళ్ళు, చీర అంచు, మచ్చ, అన్నీ కుదిరాయి. ఆమె చాలాసేపు చూశారు.

"అంతా బానే ఉంది. ఆ మూతి నాది కాదు."

"మీదేనండీ."

"నేనెప్పుడు అలా మూతి బిగించుకుని కూర్చున్నాను?"

ఎప్పుడు కూర్చోలేదండీ అని అడగటానికి నోటిదాకా వచ్చింది, మింగాను. టీచరుగారు వచ్చి చూసి, "నోరు చూసి వెయ్యలేదమ్మా మీరు. గుర్తున్నది వేశారు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. గుర్తుండేలా చేసింది ఎవరట? మూతి మార్చేది లేదని భీష్మించుకుని, రంగు పూర్తిగా ఆరాక బొమ్మను వన్ టౌన్‌లో పటాలు కట్టే సాయిబుగారి దగ్గరికి పంపించాను. అత్తయ్యగారు రెండు పూటలు నాతో మాట్లాడలేదు. ఓటరు కార్డు కంటే నయమేలే అని మాత్రం గోడతో అన్నారు.

మావారు ఒక ఉదయం ఆ పటాన్ని పేపరు చుట్టి తీసుకొచ్చారు. ఆఫీసు టైమైపోతోందని పేపరు విప్పి, హాల్లో కుర్చీలో నిలబెట్టి, దాని వంక సరిగా చూడకుండానే వెళ్ళిపోయారు. నేను వంటింట్లోంచి వచ్చి చూద్దును కదా, పటానికి గంధపు దండ ఉంది. సాయిబుగారి తప్పేం లేదు. పెద్దావిడ పటం, అంత సైజులో, ఒంటరిగా ఎవరైనా ఎందుకు కట్టించుకుంటారు? ఆయన జాలిపడి దండ తన తరఫున వేసి పంపించారు.

దండ తీద్దామని చెయ్యి చాపాను. ఇంతలో గుమ్మంలో కేక వినపడింది. హనుమాన్ జంక్షన్ నుంచి మామయ్యగారి అక్కయ్య వచ్చింది. నాకు వరసకి పెద్దమ్మగారు. ఆవిడ చేతిలోని సంచీ కింద పడింది, ఆవిడ కూడా పక్కనే కూలబడింది.

"ఎంత పని జరిగిందే తల్లీ. ఒక్క కబురన్నా పెట్టలేదేమే. చివరిచూపుకైనా నోచుకోలేదే" అని మొదలుపెట్టింది.

"అది కాదు పెద్దమ్మగారూ" అన్నాను. ఆవిడ సందు ఇస్తేగా. చెయ్యెత్తి ఆవిడ భుజం పట్టుకోబోతూ తల తిప్పాను. వంటింటి కర్టెన్ పక్కన అత్తయ్యగారు. తలంటు పోసుకుని, జుట్టుకి తువ్వాలు చుట్టుకుని నిలబడి, నా వంక చూస్తూ నోటి మీద వేలు పెట్టారు.

కదలకు అని.

నేను కదలలేదు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. పెద్దమ్మగారు మొదట ఆ సామెత నిలబెట్టింది. అంత వంట చేసే మనిషి జిల్లాలో లేదంది. కర్టెన్ కొంచెం ముందుకొచ్చింది. తర్వాత ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, గొంతు తగ్గించి అసలు సంగతిలోకి దిగింది.

"పోయినవాళ్ళనకూడదు గానీ అమ్మాయ్, నోరు మాత్రం మంచిది కాదు. మా తమ్ముణ్ణి ఒక్కనాడు నోరెత్తనిచ్చిందా? చూడు, పటంలో కూడా ఆ మూతి. నిన్ను ఎంత సతాయించిందో నేనెరగనా. ఎలా భరించావే ఇన్నేళ్ళూ?"

కర్టెన్ ఆగిపోయింది.

నాకు అలాంటి అవకాశం జన్మలో మళ్ళీ రాదు. చెప్పుకోవలసినవి నా దగ్గర చాలా ఉన్నాయి, ఏ ఏడాదివి ఆ ఏడాదికి మడతపెట్టి దాచుకున్నవి. అవి చెప్పడానికే నోరు తెరిచాను. వేరే మాట వచ్చింది.

"నా మొహం మీద అనాల్సినవన్నీ అన్నారండీ. నా వెనకాల మాత్రం నన్ను ఎవర్నీ ఒక్క మాట అననివ్వలేదు. వంకాయ దగ్గర్నుంచి."

"వంకాయేంటే?" అంది పెద్దమ్మగారు.

అత్తయ్యగారు అప్పుడు బయటికొచ్చారు. "కాఫీ తాగుతావా, వదినా?"

పెద్దమ్మగారు పటం వంక, అత్తయ్యగారి వంక మార్చి మార్చి చూసింది. మంచినీళ్ళు తాగించాక తేరుకుని, బతికుండగా దండేసుకోవటం ఏం సరదా అని ఇద్దర్నీ కలిపి తిట్టింది. అత్తయ్యగారు తాపీగా కాఫీ కలిపి ఇచ్చారు. "చచ్చినా నా కళ్ళు చారెడు కాలేదు గదా వదినా" అన్నారు. సాయంత్రం దాకా వాళ్ళిద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

ఆవిడని బస్సెక్కించి వచ్చేసరికి అత్తయ్యగారు స్టాండు ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు. పటం ఫ్రేములోంచి తీయించి స్టాండు మీద పెట్టించి ఉంచారు.

"గోడ వేస్తావో ఏం వేస్తావో. కూర్చున్నాను" అన్నారు.

అంటే గోడ సంగతి ఆమెకు మొదటినుంచీ తెలుసు. నేను సిగ్గుపడుతూ బ్రష్షు తీసి తలెత్తాను. ఆమె నా వంక చూస్తున్నారు. పెదవులు కలిసే ఉన్నాయి, కాని ఎడమ చివర కొంచెం లోపలికి మడత పడింది, నవ్వు ఆపుకుంటున్న పిల్లకి పడినట్టు. ఆ మడత ఎప్పుడూ ఉండేదే అనుకుంటాను. గోడకి అవతల నిలబడి నన్ను వెనకేసుకొచ్చినప్పుడు కూడా ఉండే ఉంటుంది. నాకే కనపడలేదు. నాకు ఏడుపొచ్చింది, టర్పెంటైన్ ఘాటని చెప్పాను. ఆ మడత కింద కొద్దిగా నీడ వేస్తే చాలు, మూతి మొత్తం మారిపోయింది.

సాయిబుగారికి దండ తిరిగిచ్చేద్దామని వెళితే ఆయన నాలిక కరుచుకుని, ఆవిడకి నూరేళ్ళమ్మా అని చాలాసార్లు అన్నారు. దండ మాత్రం పుచ్చుకోలేదు. "ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదమ్మా. దాచుకోండి. గంధం చెడిపోదు" అన్నారు. అత్తయ్యగారు దాన్ని తన బీరువాలో చీరల మధ్య పెట్టుకున్నారు. చీరలకి మంచి వాసన వస్తుందట.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి, ఆ దండని ఆ చీరల మధ్యనుంచి నేనే తీయాల్సి వచ్చింది. పరామర్శకు వచ్చినవాళ్ళు పటం చూసి, అచ్చం మనిషి కూర్చున్నట్టే ఉంది గాని ఇలా నవ్వటం మేమెప్పుడూ చూడలేదన్నారు. పక్కన కోటుతో మామయ్యగారు పరాయివాడిలా ఉన్నారు. ఆమె మాత్రం ఆమెలాగే ఉన్నారు.

హనుమాన్ జంక్షన్ పెద్దమ్మగారు మనవడి చెయ్యి పట్టుకుని ఆఖర్న వచ్చింది. బాగా వంగిపోయింది. గుమ్మంలోనే ఆగి పటాన్ని, దండని చూసింది. ఏడవలేదు. నా వంక అనుమానంగా చూసింది.

"ఈసారి నిజమేనా, అమ్మాయ్?"

ఆవిడ వంటింటి కర్టెన్ వైపు చూస్తోంది. నేనూ అటే చూశాను. ఇద్దరం చాలాసేపు అలాగే నిలబడ్డాం. కర్టెన్ కదలలేదు.