ఉప్పు వేయని చక్కెర నీళ్లు

పద్మారాణి వంట చప్పగా ఉంటుంది. పరాయి రాష్ట్రంలో ఒక నగర శివారైన అమ్రోలిలో చదువుకునే మా తెలుగు విద్యార్థులకు ఆరేళ్లుగా క్యారేజీలు కడుతున్నది ఆమే. ప్రతి డబ్బాలో కూర పక్కన కాగితంలో చుట్టిన చిటికెడు ఉప్పు. ఆమె భర్త బిక్షపతి అదే నగరంలోని ఖటోదరాలో పవర్‌లూమ్ నడిపేవాడు. బీపీ ఉందని, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పిన రోజు నుంచి ఆ ఇంట్లో ఏ గిన్నెలోనూ ఉప్పు పడలేదు.

"అక్కా, మాకేం బీపీలు లేవే!" అని ఏడిపించేవాళ్లం.

"ఆయనకో తీరు, మీకో తీరు యాడ వండుదు?" అనేది.

లాక్‌డౌన్ మొదటి వేసవిలో బిక్షపతికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆస్పత్రికి పోతే కరోనా వార్డులో పడేస్తారని ఇద్దరికీ భయం. మందుల షాపులో ఓఆర్ఎస్ పొట్లాలు లేవు. నాకు ఫోన్ చేసింది. నేనేమో పేగు కణాల్లో పొటాషియం దారుల మీద పరిశోధన వెలగబెడుతున్నాను. "చక్కెర, ఉప్పు కలిపిన నీళ్లు పట్టించక్కా" అన్నాను.

మర్నాడు మళ్లీ చేసింది. "గిలాసలకు గిలాసలు తాగుతుండు చెల్లె. ఇంకా ఎక్కువైతున్నయ్."

ఉప్పు వేశావా అని ఒక్క మాట అడగాల్సింది. అడగలేదు. నా బుర్ర నా చదువు వైపే పరిగెత్తింది. పేగు కణం చక్కెరను ఉప్పుతో జతగానే లోపలికి లాక్కుంటుందనీ, ఆ లాగే బలం నిలవాలంటే కణంలోంచి పొటాషియం కొద్దికొద్దిగా బయటికి పోతుండాలనీ తెలిసినదాన్ని కదా! విరేచనాల్లో పొటాషియం తగ్గిపోతుంది, అరటిపండు పెట్టు అని పది నిమిషాలు పాఠం చెప్పాను. ఆమె పాపం "ఊఁ, ఊఁ" అంటూ వింది. ముందు ఆస్పత్రికి తీసుకెళ్లమని గట్టిగా అననైనా లేదు. ఇప్పటికీ నా మీద నాకే మంట.

మూడో రోజు అంబులెన్సు వచ్చేసరికి బిక్షపతి లేడు.

లాక్‌డౌన్ సడలి దారులు తెరిచాక వాళ్లింటికి వెళ్లాను. పద్మారాణి మళ్లీ క్యారేజీలు కడుతోంది.

"ఉప్పెయ్యలే చెల్లె. బీపీ గదా. దాని బదులు చక్కెర డబల్ ఏసిన," అంది. చేతిలో గరిటె అలాగే ఉంది. "గందుకే పోయిండా? నిజం జెప్పు."

ఉప్పు లేకుంటే చక్కెర పేగులోనే నిలిచిపోయి, ఒంట్లోని నీళ్లను కూడా లాగేస్తుందని నా థీసిస్ మొదటి పేజీలోనే రాసుకున్నాను.

"కాదక్కా," అన్నాను. "ఉప్పుకూ దానికీ ఏ సంబంధమూ లేదు."

చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని, చిటికెడు ఉప్పు కాగితంలో చుట్టి నా డబ్బాలో పెట్టింది. ఇంటికొచ్చి కూర చప్పగానే తిన్నాను. ఆ పొట్లం విప్పడం నా వల్ల కాలేదు.