గడ్డమాయన గట్ల రాసిండా?

అతను తాపీ మేస్త్రీ, ఉత్తర తెలంగాణవాడు. నేను అదే కంపెనీలో స్టోర్ కీపర్‌ని, గోదావరి వైపు వాణ్ణి. గల్ఫులో, అల్ రయ్యాన్ అవతల కూలీల క్యాంపులో ఒకే గదిలో ఆరేళ్ళు ఉన్నాం. కింది మంచం అతనిది, పైది నాది. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను ‘అన్నా’ అనేవాణ్ణి, అతను ‘తమ్మీ’ అనేవాడు.

నేను ఇంటర్ తప్పాను. ఆ తర్వాత చదివిందంతా లైబ్రరీల్లోనే. ఇక్కడికొచ్చాక శుక్రవారం మధ్యాహ్నాలు బస్సెక్కి పెద్ద లైబ్రరీకి వెళ్ళి, ఫోనులో నిఘంటువు తెరుచుకుని ఇంగ్లీషు పుస్తకాలు చదువుతాను. ఆ సంగతి నలుగురికీ చెప్పుకోవడం నాకిష్టం. ఇప్పటికీ ఇష్టమే.

ఒక సాయంత్రం బట్టలు ఆరేస్తూ మేస్త్రీ అడిగాడు.

“తమ్మీ, జర్మనోడు ఒకాయన ఉంటడు సూడు, ఇంత గడ్డం. ఎర్రజెండా మీటింగులల్ల ఫొటో వెడ్తరు. ఆయన పుస్తకాలు నీ లైబ్రరీల ఉంటయా?”

“ఎందుకుండవన్నా? బీరువాలకు బీరువాలే ఉంటాయి.”

అతను చొక్కా పిండి తీగ మీద వేసి, క్లిప్పు పెట్టాడు. “మా నాయినను ఇన్ఫార్మరని సంపిండ్రు. అడివిలకెళ్ళి వచ్చినోళ్ళు, ఊరందరిని పిలిశి, బడి ముంగట. గోడకు ఆ గడ్డమాయన ఫొటో ఉండె. నాకు తొమ్మిదేండ్లు. ఫొటోనే సూసుకుంట నిలవడ్డ. గట్ల సంపుమని ఆయన రాసిండా? సదివి నాకు చెప్పు. ఇంకెవలకు అనకు. ఆ ఇన్ఫార్మర్ మాట ఇనద్దనే ఊరిడిశి ఇంత దూరమొచ్చిన.”

నాలుగు నెలలు చదివాను. చదువుతూ ఆ జర్మన్ తత్వవేత్త మీద మనసు పడ్డాను. ఆయనా లైబ్రరీ మనిషే. ఒక దేశం తర్వాత ఒకటి వెళ్ళగొడితే, పరాయి నగరంలో, ఏ దేశపు పౌరుడూ కాకుండా సగం జీవితం గడిపాడు. ఇరుకు గదుల్లో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. ఆయన్ని పూడ్చిన రోజు వచ్చినవాళ్ళు పదిమందికి కాస్త అటూ ఇటూ. పోయాక మాత్రం సగం ప్రపంచం ఆయన పేరు మీద నడిచింది. కొందరికి ఆ పేరుతో కూలివాడి గౌరవం దక్కింది, కొందరికి జైళ్ళూ గోతులూ దక్కాయి. ఒక పుస్తకం ఆయన తప్పేమీ లేదంటే, పక్కనున్న పుస్తకం విత్తనమే ఆయన మాటల్లో ఉందంటుంది. ఆ తగవంతా నాకు మహా రుచిగా ఉండేది. మేస్త్రీ అడిగింది ఒక్క ముక్క. నా దగ్గర ఉపన్యాసం తయారైంది.

మా గదిలో ఎనిమిదిమందిమి కలిసి వండుకుంటాం. దాన్ని మెస్ అంటాం. శుక్రవారం పొద్దున మేస్త్రీ చేతి మాంసం కూర. నేల మీద పాత పేపర్లు పరుచుకుని, గిన్నె మధ్యలో పెట్టుకుని తింటున్నాం. ఎవరో “ఏం సదువుతున్నవ్ ఈమధ్య?” అన్నారు. మొదలుపెట్టాను. అందరూ వింటుంటే నాకు ఒళ్ళు తెలియలేదు. వాదానికి ఒక ఉదాహరణ కావలసి వచ్చింది.

“మన మేస్త్రన్న వాళ్ళ నాన్ననే తీసుకోండి. ఇన్ఫార్మరని చంపేశారు. అది ఆ తత్వవేత్త రాతల తప్పు కాదు, ఆచరణలో జరిగిన పొరపాటు.”

మా గదిలోని వడ్రంగి, మేస్త్రీ ఊరికి పక్క మండలంవాడు, ముద్ద ప్లేటులో పెట్టేశాడు. “ఇన్ఫార్మర్ కొడుకువా నువ్వు? ఇన్నేండ్ల సంది నీ చేతి కూర తింటున్ననా? మా చిన్నాయిన ఎన్‌కౌంటర్ల పోయిండు. ఎవడో జాగ చెప్తేనే పోయిండు.”

“మా నాయిన ఎవలకేం చెప్పలే. గొడ్లు కాసుకునేటోడు.”

“ఎవడైనా గంతే అంటడు.”

మేస్త్రీ నా వైపు తిరిగాడు. “పొరపాటా, సారూ?” అన్నాడు. ప్లేటు తీసుకుని లేచాడు.

మర్నాటి నుంచి విడిగా వండుకున్నాడు. గల్ఫు గదుల్లో ఇంతకు మించిన తెగతెంపులు లేవు. కొట్టుకున్నవాళ్ళు కూడా పూట తిరిగేసరికి మెస్‌లో కలిసే తింటారు. అతను మాత్రం అందరి వంటా దిగాక, అదే పొయ్యి మీద చిన్న గిన్నె పెట్టుకునేవాడు.

రెండు వారాలకు వడ్రంగే కూర పట్టుకెళ్ళి అతని మంచం మీద కూర్చున్నాడు. “ఎవలు ఎవలను సంపిచ్చిండ్రో మనకేం తెల్సు? ఇద్దరం సచ్చినోళ్ళ పిల్లలమే. తిను, యల్లా, కానియ్.” మేస్త్రీ తిన్నాడు. ధైర్యం వచ్చి నేనూ ఒక గిన్నె తీసుకెళ్ళాను. “మాఫీ సార్, కడుపు నిండింది,” అన్నాడు. మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో లేదని; ఆ మాటను అంత నెమ్మదిగా అనవచ్చని అప్పుడే తెలిసింది.

ఆ నెలాఖరుకు అడిగి మరీ, దూరంగా సముద్రం ఒడ్డునున్న దుఖాన్ సైటుకు మారాడు. ఒక శుక్రవారం లైబ్రరీ మానేసి అక్కడికి వెళ్ళాను. కుర్చీ వేశాడు. చాయ్ ఇచ్చాడు.

“అన్నా, అట్లా చంపమని ఆయన రాసింది నాకెక్కడా కనపడలేదు. వద్దని రాసిందీ కనపడలేదు. అసలు నాకు తెలియదన్నా. ఆ రోజు తెలిసినట్టు మాట్లాడాను.”

“గీ ముక్క అప్పుడే నాకొక్కనికి చెప్తే అయిపోతుండె గద.” అతను సముద్రం వైపు చూస్తున్నాడు. “నాలుగు నెలలు, శుక్కురారం శుక్కురారం నువ్వు బస్సెక్కుతుంటే, మా నాయిన కోసం ఒకడు పోతుండు అనుకున్న. ఎవ్వలు పోలే సార్ ఆయన కోసం, గిన్నేండ్లల్ల.”

నేను ఏడ్చాను. అతను ఓదార్చలేదు, విసుక్కోనూ లేదు. గ్లాసులు తీసుకెళ్ళి కడిగి వచ్చాడు.

తర్వాత ఏడాది వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి పోయాడు. అప్పుడప్పుడు వడ్రంగికి ఫోన్ చేస్తాడు. వడ్రంగి స్పీకర్ పెడతాడు. మేస్త్రీ మా గదిలో అందరి బాగోగులూ పేరుపేరునా అడుగుతాడు. నేను పై మంచం మీద పుస్తకం తెరుచుకుని, చదవకుండా, ఫోను పెట్టేసేదాకా వింటాను. నా పేరు రాదు.