పర్దా కట్టిన జీపు

మొన్న మా మనవడు ఎక్కడి నుంచో ఒక పాత జీపు కొనుక్కొచ్చి వాకిట్లో నిలబెట్టాడు. నిజామాబాదులో మా ఇంటి వాకిలి అసలే ఇరుకు, పసుపు కొమ్ములు ఎండబోసుకోవడానికే చాలదు, అందులో ఈ ఇనుప దున్నపోతు ఒకటి. ఆదివారం వస్తే చాలు, దాని కిందికి దూరినవాడు అన్నానికి పిలిచినా బయటికి రాడు. చక్రాల మీద బరువు మోసే కమాను కట్టలు మార్చి బండిని ఎత్తు చేశాడు, పొలం దున్నే ట్రాక్టరుకు ఉన్నట్టు పెద్ద గంట్ల టైర్లు వేశాడు, ముందు భాగాన ఇనుప తాడు చుట్టుకునే చర్ఖీ ఒకటి బిగించాడు. ఇదంతా దేనికిరా అంటే, "బురదల నడిపేటందుకు అవ్వా" అన్నాడు. ఇప్పుడు మనకు బురద ఎక్కడిదిరా, గల్లీ గల్లీకి సిమెంటు పోసిరి గదా అంటే, ఫోను తీసి వెతికి, నందిపేట్ అవతల గోదావరి ఒడ్డున మంచి బురద ఉందట, చూపించాడు. ఎవరో పిల్లలు బండిని మునిగేదాకా దాంట్లోకి తోలి, పైకెక్కి చప్పట్లు కొడుతున్నారు.

నేను నవ్వలేదు. టైర్ల సంగతి, ఇనుప తాడు సంగతి ఈ ఇంట్లో వాడికంటే ముందు నాకు తెలుసు. నా ఈడు వాళ్ళు, రేగడి భూముల్లో కాపురం చేసినవాళ్ళు, ఇది చదివితే వాళ్ళకూ తెలుస్తుంది.

నేను చదివింది రెండో తరగతి. పుట్టింది ఈ పట్నంలోనే. మా బాపుకు చిన్న దుకాణం ఉండేది, మా అవ్వ, నా కన్నతల్లి, బీడీలు చుట్టేది. చుట్టిన బీడీలు గంపలో పెట్టుకుని అప్పజెప్పి రావడం, నల్లా దగ్గర బిందె కోసం కొట్లాడటం, దుకాణానికి బెల్లం కావాలంటే గంజ్ బజారు దాకా ఉరికి రావడం అన్నీ నా పనులే. నా కాళ్ళకు ఊరంతా తెలుసు. అలాంటి దాన్ని ఎడపల్లి దాటి చెరకు తోటల్లో లోపలికి ఉన్న ఒక ఊళ్ళో పటేండ్ల ఇంటికి ఇచ్చారు. తిండికి లోటుండదు బిడ్డా అని మా బాపు మురిసిపోయాడు. ఆ మాట నిజమే, తిండికి లోటు లేదు.

ఆ ఇంటి ఆడవాళ్ళు దర్వాజా దాటరు. తప్పనిసరై దాటితే సవారి కచ్చురం కట్టేవారు, గూడు మాదిరి పైకప్పు వేసి రెండు దిక్కులా పర్దాలు దించిన ఎడ్లబండి అది. అదైనా ఎండలున్నన్నాళ్ళే. మిరుగం కార్తె వాన పడిందంటే ఊరికి బయటి నుంచి గొళ్ళెం పెట్టినట్టే. రేగడి మట్టి నానితే చక్రానికి ముద్ద కట్టి ఎద్దు కాలు ఊడదు. చుట్టూ చెరకు మనిషెత్తు దాటి పెరిగేది, మిద్దె ఎక్కి చూసినా ఆకు తప్ప సడక్ కనపడదు. చలికాలంలో అయితే బోధన్ చక్కెర కార్ఖానా సైరన్ గాలివాటుకు వినపడేది, అటువైపు మనుషులున్నారని తెలిసేది. వానాకాలంలో అదీ ఉండదు. వాన, చెరకు, నాలుగు గోడలు, మా అత్త గొంతు. అంతే లోకం.

అలాంటప్పుడు మా మామ జీపు తెచ్చాడు. మిలిటరీ వాళ్ళు పనికిరాదని వేలం వేస్తే సికింద్రాబాదు పోయి పాడుకొచ్చిన బండి అది. నాలుగు చక్రాలూ ఇంజను బలంతో తిరుగుతాయని, వెనక రెండు జారినా ముందు రెండు లాగుతాయని ఆయన సంబరం. తీరా చూస్తే ముందు చక్రాలు లాగేవి కావు. బోధన్‌లో ఒక మిస్త్రీ ఉండేవాడు. ఆయన దగ్గర దాన్ని నెలల తరబడి పెట్టి, ముందు చక్రాల గేరు బాగు చేయించాడు. అక్కడితో ఆగితే బాగుండు. కమాను పట్టీలు అదనంగా వేయించి ఎత్తు చేశాడు, గంట్ల టైర్లు వేయించాడు. రాళ్ళు తగలకుండా ఇంజను కింద ఇనుప రేకు కొట్టించాడు. ముందర రైలు పట్టా ముక్కను అడ్డంగా అతికించి, దాని మీద చేత్తో తిప్పే ఇనుప తాడు చర్ఖీ పెట్టించాడు. వాగు నీళ్ళు పోకుండా పొగగొట్టాన్ని పైకి లేపించాడు. "పటేల్ సాబ్, ఇది బండి గాదు, ఏనుగు. యాడికన్న పోతది" అన్నాడట మిస్త్రీ. ఆ మాటను మా మామ వచ్చిన చుట్టానికల్లా చెప్పేవాడు.

ఇక ఆఖరి పని ఏమిటంటే, దర్జీని పిలిపించి దళసరి ఆకుపచ్చ గుడ్డతో వెనక నాలుగు దిక్కులా పర్దా కుట్టించి, ఇత్తడి కొక్కేలతో బిగించాడు. బండి ఎత్తైపోయింది గనుక మేము ఎక్కి దిగడానికి చెక్క పని చేసే వడ్లాయనతో పీట కూడా చేయించాడు. నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. వానల్లో కూడా మా అవ్వను చూసి రావచ్చు అనుకున్నాను. లోపల కూర్చుంటే ఆకుపచ్చ చీకటి, పెట్రోలు వాసన. కొక్కెం దగ్గర సన్నని సందులోంచి వేలెడంత లోకం కనపడేది.

ఆ ఏడు ముసురు పట్టిన రోజుల్లో నా పెద్దకొడుక్కు, అప్పుడు ఇంకా పాకుతున్నాడు, కక్కు, బేదులు పట్టుకున్నాయి. దానిమ్మ తొక్క కషాయం అన్నారు, దిష్టి అన్నారు, అన్నీ అయినయి. తెల్లవారేసరికి వాడి కళ్ళు లోపలికి పోయాయి, నాలుక ఎండింది, ఏడిస్తే కంట్లో నీటిచుక్క రావడం లేదు. చదువు లేని దాన్నైనా, వాడి ఒంట్లో నీళ్ళు ఇంకిపోతున్నాయని నాకు తెలిసింది. బోధన్‌లో డాక్టరు పొద్దటి పూటే ఉంటాడు, మధ్యాహ్నం అయితే నిజామాబాదు వెళ్ళిపోతాడు. జీపు తీశారు. మా ఆయన నడిపాడు, పక్కన మా మామ, వెనక పర్దాలో అత్త, నేను, నా ఒళ్ళో పిల్లవాడు.

ఊరు దాటి, చెరకు తోటల మధ్య బాటలో కొంత దూరం ఏనుగు ఏనుగులాగే పోయింది. తర్వాత ఒక పల్లం దగ్గర ఊగి, ఒరిగి, కూర్చుంది. నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి, బురద పర్దాకు కొడుతోంది, బండి మాత్రం ఇంకా కిందికే దిగుతోంది. ఇరుసు మట్టికి ఆనింది. మా మామ కేక వేస్తే పక్క తోటల్లో పని చేసే మగవాళ్ళు వచ్చారు. చర్ఖీ తాడు విప్పారు, కట్టడానికి అక్కడ చెట్టేది? అంతా చెరకే. దూరంగా ఉన్న తుమ్మ మొద్దుకు కడితే మొద్దే ఊడి వచ్చింది. జాకీ పెడితే జాకీ మట్టిలోకి దిగింది. దాని కిందికి ఏదైనా చెక్క కావాలన్నారు. మా పీట తీసి పెట్టారు, పీట కూడా దిగిపోయింది. సందులోంచి చూస్తూనే ఉన్నాను, మేము దిగే పీట అలా కళ్ళ ముందే మట్టిలో కలిసింది.

అప్పుడు బరువు దించండిరా అన్నాడు మామ. అదనపు చక్రం దించారు. పెట్రోలు డబ్బా, పారలు, గొలుసులు, సామాను పెట్టె దించారు. ఆఖరికి మా అత్త తాంబూలం డబ్బా కూడా చేయి లోపలికి పెట్టి అడిగి తీసుకున్నారు. ఎడ్లను తెచ్చి పూన్చారు, పది మంది వెనక నుంచి నెట్టారు. బండి కదల్లేదు. లోపల నిండు మనుషులం ఇద్దరం కూర్చుని ఉన్నాం. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరి నోటా రాదు. మేము బరువు లెక్కలోకి రాము, పరువు లెక్కలోకి వస్తాము.

నేను అత్తతో మెల్లగా అన్నాను, మనం దిగితే లేస్తది అని. "పది మంది మొగోళ్ళు సుట్టూ ఉన్నరు, ఎట్ల దిగుతవే? కండ్లు పోయినయా?" అని నా మణికట్టు పట్టుకుంది. అప్పటిదాకా మామతో నేను ఎదురుగా మాట్లాడింది లేదు. పర్దా వెనక నుంచే అన్నాను.

"మామా, మేం దిగుతం. బండి లేస్తది."

బయట ఎడ్లను అదిలించేవాడు ఆగాడు.

"గమ్మున కూసో బిడ్డా," అన్నాడు మామ. గొంతులో కోపం లేదు, అదే నాకు ఇప్పటికీ గుర్తు. "నువ్వు దిగకుండ ఉండాల్ననే గదా ఈ బండి తెచ్చింది."

పిల్లవాడు ఒళ్ళో నోరు తెరిచాడు, ఏడుపు గొంతు దాటలేదు. నేను అత్త చేయి విదిలించుకుని, పిల్లవాణ్ణి ఆమె ఒళ్ళో వేసి, కొక్కేలు లాగి పర్దా ఎత్తి దూకాను. మోకాళ్ళ దాకా దిగిపోయాను. నన్ను చూసీ చూడగానే నెట్టే మగవాళ్ళంతా చేతులు వదిలేసి మొహాలు అటు తిప్పుకున్నారు. ఆ వదలడంతో జీపు ఇంకాస్త వెనక్కి జారింది. మా ఆయన స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

"ఇయ్యి అత్తా పోరన్ని. నువ్వు గూడ దిగు," అన్నాను.

అత్త నన్ను, మా అవ్వను, మా వంశాన్నీ తిట్టింది. తిడుతూనే పిల్లవాడి మొహం చూసింది. వాణ్ణి నాకందించి, "నా బతుకుల ఎన్నడు ఎరుగనే గీ బాధ" అంటూ నా భుజం పట్టుకుని దిగింది. ఆమె దిగగానే బండి వెనక భాగం లేచిన సంగతి అందరికీ తెలిసింది. మగవాళ్ళు మొహాలు అటు తిప్పుకునే భుజాలతో నెట్టారు. గంట్ల టైర్లు మొదటిసారి మట్టిని పట్టాయి, జీపు బుసకొట్టి గుంత ఎక్కింది. ఆగితే మళ్ళీ దిగుతుందని మా ఆయన సడక్ దాకా ఆపలేదు. మేము నడిచాము.

పెళ్ళయ్యాక ఆ ఊరి నేల మీద నేను నడవడం అదే మొదలు. రేగడి వేళ్ళ సందుల్లోంచి పైకి వచ్చేది. తలపైన ఆకాశం అంత పెద్దగా ఉంటుందని మరిచిపోయాను. సడక్ దగ్గరి వరి మడిలో నాట్లు వేసే ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. ఒకామె, "ఓ పటేలమ్మా, మీ కాళ్ళకు గూడ బురద అంటుతదా?" అని నవ్వింది. నవ్వుతూనే గట్టు మీదికి వచ్చి, అత్తకు చేయి అందించి, జారే చోటు దాటించింది. అత్త ఆ చేయిని గట్టిగా పట్టుకోవడం నేను చూశాను.

డాక్టరు బయలుదేరబోతుంటే పట్టుకున్నాం. పిల్లవాడికి సెలైను ఎక్కించాడు. సాయంత్రానికి వాడు ఏడిస్తే కన్నీళ్ళు వచ్చాయి. నేనూ అప్పుడే ఏడ్చాను.

ఆ రోజు సంగతి మా మామ మళ్ళీ ఎత్తలేదు. వాన వెలిసిన మొదటి రోజు జీపును బోధన్ తీసుకుపోయాడు. తిరిగి వచ్చేసరికి రైలు పట్టా లేదు, చర్ఖీ లేదు, ఇంజను కింది రేకు లేదు. ఆ ఇనుమంతా విప్పించి బండిని ఇద్దరు ఆడవాళ్ళ బరువంత తేలిక చేశాడు. ఇక ఎప్పుడూ మేము దిగే అవసరం రాకూడదని. పర్దా మాత్రం అలాగే ఉంది. పైగా కొక్కేలు లోపలి నుంచి తీయడానికి రాకుండా బయటి వైపు బిగించి ఉన్నాయి. ఆ తర్వాత బండి ఏ గుంతలోనూ కూర్చోలేదు. నేను మళ్ళీ ఆ నేల మీద నడవడానికి మామ పోయే దాకా ఆగాల్సి వచ్చింది.

జీపును పాత ఇనుముకు అమ్మే రోజున పర్దా నేనే విప్పాను. గట్టి గుడ్డ, పారేయడానికి మనసు రాలేదు. బొంతలో కలిపి కుట్టాను. కొక్కేలు డబ్బాలో ఉన్నాయి.

ఇప్పుడు ఆ ఊరికి సిమెంటు బాట పడింది. చెరకు పోయి అంతా వరే అయింది, కార్ఖానా సైరన్ లేదు. ఎవరూ నడవడం లేదు, నడవక్కరలేదు. మా కోడలు మార్కెట్టుకు పోయినా నల్ల అద్దాల కారులోనే పోతుంది, ఎండ పడదట. తప్పేమీ లేదు, తలుపు తీసే పిడి లోపలే ఉంది, నేను చూసుకున్నాను. మనవడు నిన్న నన్ను కూడా రమ్మన్నాడు, బురదలో ఇరుక్కుంటే భలే మజాగా ఉంటుందట. వస్తాను గానీ, ముందు ఆ ఇనుమంతా తీసి ఒక మెట్టు పెట్టించు, నా అంతట నేను దిగేటట్టు అన్నాను. వాడికి అర్థం కాలేదు, మళ్ళీ బండి కిందికి దూరాడు. నేల గరుకని ఇంట్లోంచి పాత బొంత తెచ్చి వేసుకున్నాడు. వాడి వీపు కింద, అతుకుల నడుమ, ఆ ఆకుపచ్చ గుడ్డ రంగు ఇంకా వెలిసిపోలేదు.