పైకప్పు కింద ఫైనల్

ఏడాదంతా బాగా ఆడిన ఎనిమిదిమంది మగ ఆటగాళ్ళకే చోటున్న టెన్నిస్ పోటీ అది. సంవత్సరం చివర, నవంబరులో, కప్పున్న స్టేడియంలో జరిగేది. రెండువేలు దాటిన కొత్తలో ఒక ఏడు చైనాలో పెట్టారు. ఫైనల్ మనకు ఆదివారం మధ్యాహ్నం టీవీలో వస్తుంది. నాకిష్టమైనవాడు ఫైనల్‌కు చేరాడు. వారమంతా నాకదే ధ్యాస. ప్రార్థనలో కూడా అతన్ని తలుచుకున్నాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

అప్పటికి మా పత్తి పూర్తిగా విచ్చి ఉంది. శనివారం సాయంత్రానికి కూలీలు సగం చేనే తీయగలిగారు. నాన్న మా చర్చిలో సంఘపెద్ద. ఆదివారం మా చేలో ఎవరూ నడుం వంచరు. ఆ పొద్దున మేము చర్చికి బయల్దేరుతుంటే, నాన్న స్నేహితుడైన పక్కచేను రైతు గుమ్మం దగ్గరే నిలబడి అరిచాడు.

"ఒరేయ్, తూర్పున మబ్బు చూశావా? మధ్యాహ్నానికి మా చేను అయిపోద్ది. కూలోళ్ళని అట్నుంచి అటే మీ చేలోకి తోలనా?"

"ఆదివారం కదరా," అన్నాడు నాన్న.

"ఆ సంగతి వానకేం తెలుసురా!"

నాన్న నా వైపు చూశాడు. సండేస్కూల్లో పాఠాలు చెప్పేది నేనే. పత్తి తీయిస్తే ఇంటిల్లిపాదీ చేలో ఉండాలి. నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగాను.

మధ్యాహ్నం టీవీలో రెండో సెట్ నడుస్తుండగా వాన మొదలైంది. ఆదివారం టీవీ వంక చూడని నాన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇంకేం చెయ్యాలో ఆయనకూ తోచలేదు.

"అక్కడ వాన పడట్లేదామ్మా?"

"పడినా తడవరు నాన్నా. పైన కప్పుంది."

"అంత చోటుకీనా!"

ఆట ఐదో సెట్ దాకా సాగింది. నావాడే గెలిచాడు. వాన తగ్గలేదు. ఇక ఆగలేక అడిగాను.

"విశ్రాంతి దినాన ఎద్దు గోతిలో పడితే పైకి లాగరా అని ప్రభువు అడిగాడు కదా నాన్నా?"

"పొద్దున నాకూ అదే గుర్తొచ్చింది. నా చేను కోసం నేనే వాక్యం చెప్పుకుంటే ఏం బాగుంటుంది? నువ్వంటావేమోనని చూశానమ్మా."

ఎందుకు అనలేదని మాత్రం ఆయన అడగలేదు.

తెల్లారి వాన వెలిశాక చేలోకి వెళ్ళాం. కాయల్లోంచి తడిపత్తి మట్టిరంగుగా వేలాడుతోంది. నాన్న ఒడి కట్టుకుని తీయడం మొదలుపెట్టాడు. నేను పక్క సాలు పట్టాను. ఎండబెడితే పనికొస్తుందని ఇద్దరిలో ఎవరమూ అనలేదు.