నడుమెత్తు లోపలివి

సార్ పోయారని బుధవారం పొద్దున కబురు వచ్చింది. అప్పుడే దేవుడి ముందు దీపం పెడుతున్నాను. వత్తి వెలిగించి, ఆయనకు శాంతి కలగాలని మొక్కుకున్నాను. ఆ మొక్కు నిజమైనదే. కామారెడ్డిలో ఆయన సర్వే ఆఫీసులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నదాన్ని కాబట్టి, పదో రోజున చదవడానికి నాలుగు మాటలు రాసివ్వమని ఆయన భార్య అడిగింది. రాసిచ్చాను. అందులో అబద్ధం లేదు. రాయని మాట ఒకటి ఆ తరువాతే తెలిసింది. అందుకే మళ్లీ కలం పట్టాను.

పదో తరగతితో ఆగిపోయిన నన్ను నలభై దాటాక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది ఆయనే. లేజర్ మిషన్‌ను మూడు కాళ్ల మీద నిలబెడితే అది గుండ్రంగా తిరిగి, కనబడ్డ ప్రతిదాన్నీ రంగులతో సహా లక్షల చుక్కలుగా పట్టుకొస్తుంది. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే ముందు ఏది రావాలో, ఏది రాకూడదో చెప్పాలి. ఆ ఇంపోర్ట్ సెట్టింగులు పెట్టడమే నా పని. సార్ వాటిని నాచేత స్తోత్రంలా చదివించేవారు. కొలత మీటర్లా, అడుగులా? పైవైపు ఏది? చుక్కకూ చుక్కకూ ఎంత ఎడం? ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?

“ఇంపోర్టంటే గడప చెల్లె. గడప కాడ ఆపినమనుకో, ఇగ అది ఇంట్ల ఉండదు. జూసి రానియ్యాలె” అనేవారు.

తొలినాళ్లలో ఒకసారి మీటర్లకు బదులు అడుగులు పెట్టాను. తెర మీద పోచారం చెరువు కట్ట మూడోవంతుకు కుంగిపోయింది. సార్ కడుపు పట్టుకుని నవ్వారు. “కట్టను మీ పెరటి గోడ జేస్తివి గద! రేపు నిజాంసాగర్‌ను గిలాసల బోస్తవా ఏంది?”

మిషన్ అద్దాన్ని పాత ధోవతి గుడ్డతో తుడిచేవారు. ఎండలో పసిపిల్లకు కప్పినట్టు దాని మీద తువ్వాల కప్పేవారు. నాకు అన్న లేడు, తమ్ముడే. ఏటా సార్‌కు రాఖీ కట్టేదాన్ని.

నాలుగేళ్ల కింద ఎల్లారెడ్డి వైపు మా తల్లిగారి ఊరి రోడ్డును వెడల్పు చేసే పని వచ్చింది. స్కాన్‌కు సార్ ఒక్కరే వెళ్లారు. ఊరి మొదట్లో మా పోచమ్మ గుడి ఉండేది. గుడి అంటే మూడు రాతి పలకలు, పైన ఇంకొకటి. నడుమెత్తు కూడా ఉండదు, వంగి పసుపు పెట్టాలి. బోనాలప్పుడు దాని ముందే వేపాకు, పసుపునీళ్ల సాక పోసేవాళ్లం.

ఆ ఫైలు ఎక్కిస్తుంటే సార్ నా వెనక నిలబడ్డారు.

“నేల మీద నడుమెత్తు లోపలివి రానియ్యకు చెల్లె. అంత గడ్డి, పొదలే.”

అట్లాగే పెట్టాను. రోడ్డు వచ్చింది, ఇండ్లు వచ్చాయి.

“సార్, మా పోచమ్మ గుడేది?”

“అది రోడ్డు గీతకు అవతల ఉన్నది. మిషన్ గంత దూరం చూడలే. దానికేం గాదు, పరేషాన్ గాకు.”

ఆ మాటే మా తమ్ముడి భార్యకు ఫోన్‌లో చెప్పాను. ఆమె ఊరందరికీ చెప్పింది. అందుకే ఎవరూ అర్జీ పెట్టలేదు.

జేసీబీ వచ్చిన రోజు ఆడవాళ్లు అడ్డం నిలబడితే, పనివాళ్లు నక్షా విప్పి, “దీంట్ల గుడి లేదు గదమ్మా” అన్నారట. కింద, తయారుచేసినవారి చోట నా పేరు. పలకలు విరిగాయి. లోపలి రాళ్లను మరదలు కొంగులో మూటగట్టి బడి గోడ పక్కన పెట్టింది.

“మస్తు నేర్చినవ్ వదినా కంప్యూటర్” అంది నాతో. “ఊరంత కనబడ్డది, తల్లి కనబడలేదా?”

సార్‌ను అడిగాను. “గీతకు అవతల ఉందనుకున్న చెల్లె. పొదల మాటున నాకు గూడ కనబడలే, మిషన్‌కు గూడ కనబడలే. ఒట్టు” అన్నారు. నమ్మాను. ఆ ఏడూ రాఖీ కట్టాను. ఊళ్లో ఆయన తరఫున నేనే మాట్లాడాను. సార్ తప్పేం లేదు, నేనే సరిగా చూడలేదని చెప్పాను. నాలుగేళ్లు బోనాల నాడు తల దించుకునే నడిచాను.

మొన్న ఆఫీసులో ఫైళ్లు సర్దుతుంటే మా ఊరి అసలు స్కాన్ దొరికింది. పాత ఊరిని ఒక్కసారి చూసుకుందామని ఎక్కించాను. ఈసారి గడప దగ్గర దేన్నీ ఆపలేదు. గడ్డి వస్తే రానీ, పొదలు వస్తే రానీ అనుకున్నాను.

పొదలు లేవు. మిషన్‌కు పది అడుగుల దూరంలో పోచమ్మ గుడి ఉంది. దాని ముందు సార్ ఉన్నారు.

“కదిలినోడు పొగలెక్క వస్తడు, కదలనోడే మనిషిలెక్క వస్తడు” అని నాకు నేర్పింది ఆయనే. మిషన్ తిరిగినంతసేపూ ఆయన కదల్లేదు. ఒక్క వేలు కూడా చెదరలేదు.

గుడి కనబడితే రోడ్డు గీత వంచాలి, పని ఆగుతుంది. అంతవరకు నాకూ తెలుసు. కానీ తల్లిని బయట ఆపడానికి నా వేలే కావలసి వచ్చిందా అన్నా?

ఈ కాగితాలు ఎవరి చేతికొచ్చినా చింపకండి, దాచిపెట్టండి. ఆయన ఇంటివాళ్లకూ మా ఊరివాళ్లకూ చూపకండి. నా కోపం చల్లారిందని కాదు. పోయిన మనిషి జవాబు చెప్పుకోలేడు.

ఆ ఫైలును నేను చెరపలేదు. అందులో పలక మీద పసుపు ఇంకా పచ్చగానే ఉంది. చెప్పులు దూరంగా విడిచి, రెండు చేతులూ జోడించి, సార్ అక్కడే నేల మీద కూర్చుని ఉన్నారు.